ఐదు వోల్టులు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్.
రాత్రి పదకొండున్నర. ఆఖరి లారీ
ఖాళీ తూకం తూగి పోయింది.
కాంటా గదిల నేను, వాచ్‌మన్ యాకూబ్ పాషా,
పాత కంప్యూటర్.

ఇదివరకు దీన్ని ఆపుడంటే రెండు పనులు.
బంద్ గమ్మని ఒకసారి చెప్పాలె.
అది చీటీలన్ని సదురుకొని
నల్ల తెర మీద నారింజ అక్షరాలు చూపిచ్చేది:
ఇగ నన్ను ఆపొచ్చు, ఏం భయం లేదు.
ఫ్యాను మాత్రం తిరుగుతనే ఉండేది,
విస్తరి తీసినంక గూడ లేవని చుట్టం లెక్క.
బల్ల కిందికి వంగి
ఘాటుకు మూడు తుమ్ములు తుమ్మి
నేనే ఒత్తేది.
పదకొండేండ్లు. బటన్ మీది గీత
నా బొటనవేలుకే అరిగింది.

మొన్న పరకాల నుంచి పాషా అల్లుడొచ్చిండు.
కరెంటు సంగతి చూసే ముక్కను
ఇన్నేండ్లు ఎవ్వరు నిద్ర లేపలేదన్నడు.
ఏదో ఫైలు తెరిచి ఒక్క మాట రాసి
చాయ తాగి పోయిండు.

గిప్పుడు చెప్తె చాలు.
తెర పోతది. డిస్కు కడుపుల ఒక టక్.
ప్రోగ్రాము బోర్డుకు చెప్తది, బోర్డు డబ్బాకు,
డబ్బా తన తలుపు తనే ఏసుకుంటది.
గదిల ఉన్నట్టుండి
కీచురాళ్లు.

మా అవ్వ దీపాన్ని ఆర్పు అననియ్యకపోయేది,
కొండెక్కించు అనాలె.
నేను పదకొండేండ్లు గొంతు ఒత్తిన.
ఇగో, ఇది దానంతటదే కొండెక్కవట్టె.

వెనుక మాత్రం ఆవగింజంత పచ్చ దీపం.
ఫోన్ల అల్లుడు నవ్విండు:
"ఐదు వోల్టులు మేలుకొనుంటయి కాకా,
లేపితే లేవాలె గద."
పాషా గోడ స్విచ్చి మీద చెయ్యేసిండు,
బిల్లెవడు కడ్తడని.

అప్పుడే కిటికీ రేకు మీద దెబ్బ.
సంచులు కుట్టే లసుమమ్మ.
"అన్నా, నా కూలి చీటీ మర్సినవ్."

పాషా చెయ్యి తీసిండు. నేను ఒత్తిన. లేచింది.
లసుమమ్మ లోపలికొచ్చి
ఎర్రగ మండే రెండు అరచేతులు
డబ్బా ఎనుక గాలికి పెట్టింది.
వెచ్చటి గాలే, అయినా గాలే.
"నువ్వు బంద్ జేసినంక గూడ
ఇది జరసేపు తిరిగేది గదన్నా,
నాల్గు రోజులాయె, తిరుగుతలేదేంది?"

బల్ల కిందికి వంగేటోన్ని,
ఆ చేతులు నేనెన్నడు సూడలే.

చీటీ అచ్చయి బయటికొచ్చింది.
చింపి ఇచ్చిన.
బంద్ గమ్మని మాత్రం
ఇంక చెప్పలే.