విషయం: నాలుగు గంటలు

విజయనగరం కలెక్టరాఫీసు గోడ నీడన
ముప్పయ్యొక్కేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను.
పోయిన పాసుపుస్తకాలకి, ఆగిపోయిన పింఛన్లకి,
పక్కవాడి నాగలి మింగేసిన గట్టుకి,
బతికుండగానే రికార్డులో చచ్చిపోయిన ముసలమ్మకి
"మహారాజశ్రీ" అని మొదలెట్టి
"తమ విధేయుల"తో ముగించి వేలిముద్ర వేయిస్తాను.
అర్జీకి ముప్పై. కార్బన్ కాపీ కావాలంటే ఇంకో అయిదు.

ఇవాళ నాకోసం రాసుకుంటున్నాను.
మొదటి పంక్తిలోనే కలం ఆగింది.
ఎవరికి?

రింగురోడ్డు ఆసుపత్రిని అడిగితే తమకి సంబంధం లేదంది,
బళ్ళు పెట్టే జాగా లీజుకిచ్చేశారట.
లీజు పాడుకున్నాయన ఊళ్ళో ఉండడు.
రసీదు మీద ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది,
దాని కింద ఫోన్ నంబరు,
ఆ నంబరులో ఒక ఆడగొంతు.
ఎన్నిసార్లు చేసినా అదే మాట, అదే నవ్వు.
నేను ఒకసారి "అమ్మా" అని కూడా అన్నాను.

సరే, "అయ్యా" అని మొదలెట్టేను.
ఎక్కడో ఒక అయ్య ఉండకపోడు.

అయ్యా,
నా భార్య పిన్నింటి సూరీడమ్మకి
మంగళవారం, శుక్రవారం రక్తం కడుగుతారు.
మీ బోర్డు రెండు గంటలంటుంది.
లోపల మిషను నాలుగు గంటలంటుంది.
మధ్యన నేనూ, నా పాత టీవీయస్సూ.

తొందరగా కానిమ్మనడానికి రక్తం ఆటో కాదు గదా.
ఒంట్లోంచి బయల్దేరి గొట్టాలన్నీ తిరిగి
దాని దారిన అది ఇంటికి రావాలి.
రెండు గంటలకోసారి వచ్చి బండి బయటికి తీసి
మళ్ళీ లోపల పెట్టుకోమని మీ కుర్రాడు సలహా ఇచ్చేడు.
వెళ్ళేవాణ్ణే.
ఎడంచేతికి సూదులుంటాయని కుడిచేత్తో
నా చొక్కా అంచు పట్టుకుని నిద్రపోతుంది ఆవిడ.
ఇలాంటిది ఏ కాలంలో నింపాలో
ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఎదురు కాలేదు.

అపరాధ రుసుము రెండొందలు అన్నారు.
"అపరాధం" అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది.
రెండొందల మీద కూడా ఉంది.

చక్రానికి గొలుసు వేసి
తాళంచెవి మెళ్ళో వేలాడేసుక్కూర్చున్న తవిటినాయుడు
రాసింది రెండుసార్లు చదివేడు, పెదాలు కదుపుతూ.
"బాగా రాసేరు తాతా. ఇది నానెవులికిచ్చీది?
మా సారు మొగం నానూ సూడ్నేదు.
రెండ్నెల్లయింది, జీతం నేదు."
వాన చుక్క ఒకటి కాగితం మీద పడితే
చొక్కాకి అద్ది తుడిచేడు, అక్షరం చెదరకుండా.
"నాకూ ఓటి రాసెట్టండి."

బండి సీటు మీద కాగితం పరిచి రాసేను.
మళ్ళీ "అయ్యా" అన్నాను.
అదే అయ్య. "అయ్యా"కి పైన అదే ఖాళీ.
వాడు ముప్పై తియ్యబోతే నేను వద్దన్నాను.
నేను రెండొందలు తీస్తే వాడు వద్దనలేదు.
మిషన్లో ఎక్కిపోయిందట, వాడి చేతిలో లేదట.
వంద ఇప్పుడు, వంద శుక్రవారం అని కుదిరింది.
మిగతా వంద తను వేస్తానన్నాడు, ఏ జీతంలోంచో అడగలేదు.

సూరీడమ్మ వెనక కూర్చుంది,
మోచేతి మడతలో దూదీ ప్లాస్టరూ.
ఎత్తుబ్రిడ్జి ఎక్కుతుంటే బండి మూలిగింది.
"అంతసేపు ఏటి రాసేవు?"
నీ గురించి అందామనుకుని
గడియారం గురించి అన్నాను.

"గడియారమా? సెల్లెయ్యాల దానికి.
ఒచ్చీటప్పుడు తెమ్మని మొన్నే సెప్పేను కాదేటి."

గంటస్తంభం దగ్గర కొట్టు ఇంకా తీసే ఉంది.
బండి ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాను.