తుడిచిన చోటు

నలుపు కాదమ్మాయ్, అన్నాను.
నలుపంటే ఏందో మార్కాపురంలో పుట్టినదానికి చెప్పాలా,
గనిలోంచి లారీల్లో దిగే నలుపుని
చెక్క చట్రాల్లో బిగించి
డజన్ల లెక్కన కట్టలు కట్టినదాన్ని.

ఇంజనీరింగు కాలేజీ పిల్ల రిజ్వానా
తలకు తొడుక్కునే పెట్టె ఒకటి తయారుచేస్తోంది.
ముందువైపు కెమెరా ఉందంట.
చూపున్నోళ్ళు పెట్టుకుంటే
నాకు కనపడేది వాళ్ళకి కనపడతదంట.
"నడిమధ్యన నల్ల గుండ్రం పెట్టా పిన్నీ,
సరిపోయిందా?"

అట్టా కాదు.
పలక నిండా అ ఆలు రాసి
తడిగుడ్డతో మధ్యలో ఒక్కసారి తుడువు.
అంచుల్లో అక్షరాలుంటాయి.
మధ్యలో ఏముంటది?
ఇందాక ఏదో ఉండిందన్న తడి ఉంటది.
ఆ తడి నువ్వెటు తిరిగితే అటు వస్తది,
బస్సు బోర్డు చూస్తే బోర్డు మీదికి,
చిల్లర చూస్తే చిల్లర మీదికి,
మా చెల్లెలికి బిడ్డ పుట్టిన రోజు
ఆ బిడ్డ మొహం మీదికి.

ఒంగోలు ఆసుపత్రిలో కాగితమిచ్చారు,
ఇన్ని పాళ్ళు చూపు లేదని.
కింద జిల్లా పేరు ప్రకాశం అని ఉందంట.
అది మాత్రం పెద్దక్షరాల్లో ఉందంట.

వారానికి మళ్ళీ వచ్చింది పిల్ల.
ఇప్పుడు చూడు పిన్నీ, అని నా తలకే తొడిగింది.
నాకేం తెలుస్తది?
చిల్లుగుడ్డ మీద చిల్లుగుడ్డ కప్పినట్టుంది.
ఇద్దరం పడీ పడీ నవ్వాం.
రంపం దగ్గరోళ్ళు పని మానేసి చూశారేమో,
చప్పుడు ఆగింది.

నేను పెట్టుకుంటా, అన్నాడు మస్తాన్ మేస్త్రీ.

ఈయన సంగతి చెప్పాలి.
పదకొండేళ్ళుగా నాతో ఒకటే మాట,
"గురవమ్మా, మొహం చూసి మాట్లాడు."
ఆయన మొహం కనపడాలంటే
నేను ఆయన చెవివైపు చూడాలి.
చెవివైపు చూస్తే
వెనకెవరో ఉన్నారని తిరిగి చూసుకుంటాడు.
ఎవరూ ఉండరు.
నాకు ఆయన నెత్తి వెనకభాగం మిగిలేది.
కొన్నాళ్ళు పొగరన్నాడు,
కొన్నాళ్ళు దొంగచూపులన్నాడు.

పెట్టె తొడుక్కుని కాసేపు కదల్లేదు.
చేతులు చాచాడు.
తల దించాడు, మళ్ళీ ఎత్తాడు.
అప్పుడు మెడ వంచాడు,
గింజను చూసే కోడిలాగా
పక్కకి, పిసరంత పైకి.

సరిపోయింది రిజ్వానా, అన్నాను.
పెట్టెలో ఏముందో నాకు తెలవదు.
ఆ మెడ మాత్రం నాదే.

మేకు కొడతానని సుత్తి అడిగి
బొటనవేలు కొట్టుకున్నాడు.
నాలుగు నిమిషాలకే తీసేశాడు.
"ఎట్టా బతుకుతున్నావే తల్లీ"
గొంతు జీరపోయింది.

నాకెందుకో కోపమొచ్చింది.
నువ్వు చూసింది తుడిచిన చోటే మేస్త్రీ.
నెర్రె ఉన్న పలక
సుత్తి కన్నా ముందు వేలికి తెలుస్తదని,
చట్రం బిగిసేటప్పుడు కర్ర గొంతు మారతదని
ఆ పెట్టెలో యాడుంది?
ఏడవబాకు.
గోదాము మెట్టు అంచుకి తెల్లరంగు వేయించు.
కట్టల మీద అంకెలు అరచెయ్యంత రాయించు.

ఇదంతా అనలేదు.
మెట్టు సంగతి ఒక్కటే అన్నాను.

మర్నాడు మెట్టు అంచున
బలపంతో గీసిన గీత.
సాయంత్రం వానకి పోయింది.
మళ్ళీ గీశాడు.
రంగు డబ్బాకి ఓనరు డబ్బులియ్యాలంట,
ఇంకా ఇయ్యలేదు.

శనివారం కూలి పంచుతూ
నా ఎదురొచ్చి నిలబడ్డాడు.
నేను చెవివైపు చూశాను.
చెవి తుడిచిపెట్టుకుపోయి
పక్కన మొహం వచ్చింది.
మీసం ఎప్పుడు నెరిసిందో.
చూస్తానే ఉన్నాను.
మేస్త్రీ వెనక్కి తిరిగి చూసుకోలేదు.