తండ్రి లేక భర్త

చిత్తూరు కలెక్టరాఫీసు రికార్డు రూములో
మూడో రోజు.
"యాభై రెండుదా, యాభై ఏడుదా?" అంటాడు కదిర్వేలు,
మండీలో అచ్చు బెల్లమా, పొడి బెల్లమా అని అడిగినట్టు.
రెండూ అంటాను.
గుడ్డతో రెండు దెబ్బలేసి బల్లమీద పడేస్తాడు.
ఊరి ఓటర్లంతా లేచి నా ముక్కులోకి వస్తారు.

ఇంటిపేరు కోసం వేలు జరుపుతా ఉంటే నవ్వినాడు.
"ఈట్లో ఇంటిపేర్లుండవు మేడమ్, ఇంటినంబర్లే.
మనిషిని కాదు, తలుపును వెతకండి."

తలుపు.
మిట్టూరు, మూడో వార్డు, నలభై ఒకటి.
ఇప్పుడక్కడ టైర్లకు గాలి పట్టే కొట్టు.
యాభై రెండులో మాత్రం తెరిచే ఉంది:
దొరస్వామి, తండ్రి పేరు గంగులప్ప, పు, 30.
దేశమ్మ, భర్త పేరు దొరస్వామి, స్త్రీ, 22.
చింతపండు మండీలో గింజలు కొట్టి కొట్టి
బొటనవేలి గోరు నల్లబడిన మా అవ్వ
అచ్చులో ఇంత శుభ్రంగా ఉంటుందనుకోలేదు.

యాభై ఏడు తీశాను.
నలభై ఒకటిలో తాత ఉన్నాడు,
సరిగ్గా అయిదేళ్ళు పెరిగి.
ఆ కింద నలభై రెండో ఇల్లు.

పేజీ ఊడిందేమో అనుకున్నా.
పురుగు తినిందేమో అనుకున్నా.
పురుగు తింటే బొక్క గుండ్రంగా ఉంటుంది.
చచ్చిపోలేదు, అరవై రెండులో మళ్ళీ ఉంది,
మా నాయన పుట్టిందే యాభై తొమ్మిదిలో.
మరి ఆ ఏడు ఎక్కడ?

గిరింపేట తిప్పాను. కొంగారెడ్డిపల్లి తిప్పాను.
కదిర్వేలు క్యారియరు విప్పితే
ఊరిబిండి వాసనకు కళ్ళు అక్షరాలు దాటేశాయి,
వెనక్కొచ్చి మళ్ళీ చదివాను.
సంతపేట. ఒకే ఇంటినంబరు కింద
ఒకరికొకరు ఏమీ కాని పదమూడు పేర్లు.
చివరిది:
దేశమ్మ, తండ్రి పేరు ఎల్లప్ప, స్త్రీ, 24.

ఎల్లప్ప, ఐరాల దగ్గర బావి తవ్వుతూ
కూతురి పెళ్ళికి ముందే పోయిన మనిషి.
పోయినోడి పేరు చెప్పుకుని
బతికున్నోడి పేరు చెప్పలేదు మా అవ్వ.

గడి నెత్తిన అచ్చేసి ఉంది: తండ్రి లేక భర్త.
ఆ 'లేక'ను నేనెప్పుడూ చదవలేదు.
గుమాస్తా గడపలో నిలబడి
"మొగుడి పేరు చెప్పమ్మా" అని ఉంటాడు.
ఆమె చేట దించకుండానే
"ఎల్లప్ప" అని ఉంటుంది.
లేదా ఏడ్చి చెప్పిందేమో. నాకేం తెలుసు.
రెండు గదుల మధ్య గోడా,
అద్దె ఎంతో, ఎవరు కొట్టారో, ఎవరు పిలిచారో
జాబితాలో గడుల్లేవు.

వయసులున్నాయి. 22, 24, 35.
ఒంటరిగా ఉన్న అయిదేళ్ళలో రెండేళ్ళు,
తిరిగొచ్చిన అయిదేళ్ళలో పదకొండు.
"ఆడోళ్ళ వయసులు అట్లే రాస్తారు మేడమ్,
చూసి వేసేయడమే" అన్నాడు కదిర్వేలు.
కావచ్చు.

బంగారుపాళ్యం అత్తకు ఫోన్ చేశాను.
అవతల మిక్సీ ఆగింది. చాలాసేపు ఆగింది.
"ఆ చెంబు నీ దగ్గరే ఉండాదా?" అనింది.

ఇత్తడి చెంబు. మెడ మీద చుక్కలతో కొట్టిన పేరు:
ఎ. దేశమ్మ.
'దొ' కొట్టమంటే తాగి 'ఎ' కొట్టినాడు వెధవ అని
తాత ప్రతి పండగకీ నవ్వేవాడు.
మేమూ నవ్వేవాళ్ళం.
అవ్వ అప్పుడు
చింతపండు పెట్టి దాన్ని తోముతా ఉండేది,
ఆ పొల్లు అక్షరం దగ్గర కాస్త ఎక్కువసేపు.

"నకలు ఏ పేజీది?" అంటాడు.
సంతపేటది.
అర్జీ కాగితం నా వైపు తోస్తాడు.
ఓటరుతో సంబంధం: మనవరాలు.
అర్జీదారు పేరు రాశాను.
ఆ కింద మళ్ళీ అదే గడి.
పెన్ను ఎత్తి పట్టుకుని కూర్చున్నాను.

అయిదైందని
కదిర్వేలు ఒక్కో కిటికీ మూసుకుంటూ వస్తున్నాడు.