జడ్డిగం

డెబ్బై తొమ్మిది. ఆశ్లేష కార్తె.
బెళుగుప్ప ఎర్రచేలల్లో పదును జానెడు కూడా దిగలేదు.
అయినా ఇత్తుతున్నాం, మూడోసారి.
నాయన గొర్రు పట్టినాడు. వెనక తిప్పక్క.
జడ్డిగం మీద ఆమె పిడికిలి తెరుచుకొని మూసుకొంటుంటే
శెనక్కాయ ఇత్తనాలు వెదురు గొట్టంలో టకటక జారి
బెత్తెడుకొకటి
మన్ను కిందికి పోతున్నాయి.
ఆమె చేతికల్లా చూడదు. మాట్లాడుతూనే ఉంటుంది.
నాకు పదకొండేళ్ళు. నెత్తిన ఇత్తనాల గంప, మెడలో ట్రాన్సిస్టర్.
వార్తల్లో వాన పేరు వినిపిస్తే అరవటం నా పని.

వాన పేరు రాలేదు.
శ్రీహరికోటలో పొద్దున ఎగిరిన రాకెట్టు
అయిదు నిమిషాలకే సముద్రంలో పడిందని చెప్పినారు.
చదివే ఆయన గొంతు మారలేదు.
మా జిల్లా కరువు చదివేటప్పుడూ అదే గొంతు.

నాయన ఎద్దుల్ని ఆపినాడు.
"ఎన్నోసారి?"
"మొదటిసారంట."
"ఓ, మొదటిసారేనా!" అని
మేడి మీద మళ్ళీ చెయ్యేసినాడు.
అంతే.
రాత్రి సంగటి ముద్ద తుంచుతూ మాత్రం
"పాపం, వాళ్ళు ఈ పొద్దు బువ్వ తిన్యారో లేదో"
అన్నాడు, ఎవరితోనో కాదు.

బళ్ళో ఓబులేసు అయ్యవారు రాకెట్టు బొమ్మ గీసినాడు.
నాలుగు అంతస్తులు.
ఒకటి కాలి ఊడిపోతే ఇంకోటి అంటుకోవాల.
సుద్దముక్క అరిగిపోయి నాలుగోది సగమే పడింది.
నేనొచ్చి దాన్ని కళ్ళంలో పుల్లతో గీసి తిప్పక్కకు చూపించినాను.
వక్కాకు బుగ్గన పెట్టుకొని చానాసేపు చూసి
"గొర్రు గొట్టమే గదరా ఇది" అనింది.
"తలకిందులుగా నిలబెట్టినారు.
ఇత్తనం కిందికి గదా పోవాల, వీళ్ళు పైకి ఎదబెడతాండారు."

పదినుంచి వెనక్కి లెక్కబెడతారని చెప్తే నవ్వింది.
"దానికి బడికి పోవాల్నా?
నాలుగు మూటలిత్తనం. మూడు. రెండు. ఒకటి.
గోతాం అడుగు దులిపినాక సున్నా.
ఆ సున్నా కాణ్ణించే గదా
మేము ఆకాశం తట్టు చూసేది."

మా మూడో ఇత్తు సంగతి అడగొద్దు.
సాలుకు నాలుగు మొలకలు, కాకులు వద్దన్నవి.

మరుసటేడు పునర్వసులో మళ్ళీ ఎగిరింది.
నిలబడింది.
పైన వదిలిపెట్టినదాని పేరు రోహిణి అని రేడియోలో చెప్పినారు.
తిప్పక్క వేళ్ళు మడిచి లెక్కేసి తగాదాకు దిగింది.
"రోహిణి పోయి నలభై దినాలాయ.
రోళ్ళు పగిలే ఎండ మేము అప్పుడే తినేస్తిమి.
ఇంకో రోహిణా? యాడ పెట్టుకోవాల దాన్ని?"
అది కార్తె కాదక్కా, భూమి చుట్టూ తిరిగేది అన్నాను.
"ఏమన్నా రాలుస్తాదా?"
లేదన్నాను.
"మబ్బులు గూడా అంతే తిరుగుతాండాయి.
పోయినేడు నిలబడాల్సింది పడె.
పడాల్సింది ఇంకా నిలబడే ఉండాది."
విసురుగా లేచి చేట తీసుకొని పోయింది.

చీకటి పడ్డాక తనే మంచం వాకిట్లోకి ఈడ్చి
నన్ను కేకేసింది. చూపించు, అనింది.
కంటికి ఆనదని అయ్యవారు చెప్పినాడు.
ఆ మాట నాకు నోట్లోంచి రాలేదు.
పడమటికి కదులుతున్న చుక్క ఒకటి కనబడితే
వేలు పెట్టి చూపించినాను.
బొంబాయి పోయే విమానమేమో, నాకిప్పటికీ తెలీదు.

ఆమె మోచేతి మీద లేచి,
కొత్తగా గుత్తకు తీసుకోబోయే చేను
గట్టు మీంచి చూసినట్టు చూసింది.
రాళ్ళు ఎక్కువే, అనింది.
చుక్క చింతచెట్టు వెనక్కి పోయినా పడుకోలేదు.
కుడిచెయ్యి మంచం పట్టె మీద
తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాది,
బెత్తెడుకొకటి
బెత్తెడుకొకటి