పందొమ్మిదో చీటీ

కిసుములో, కిబూయే సంత పక్కన
నా కుట్టుమిషన్, దాన్ని ఆనుకుని
బోడాబోడా బళ్ల అడ్డా.
పోయిన నెల ఒడేరా హెల్మెట్
నా బల్ల మీంచి జారింది, మోకాలెత్తు నుంచి.
సొరబుర్రలా రెండు చెక్కలైంది.

"నాలుగొందల షిల్లింగులకి ఇంకేం వస్తుంది?"
పోలీసుకి చూపించడానికే కొన్నాడట.
లోపల మెత్త లేదు, మడిచిన అట్టముక్క.
అసలుదానికి వారం సంపాదన పోవాలి.
తలకు మించిన ధర అంటే
ఇన్నాళ్లూ మాటవరసకే అనుకున్నాను.

ఇరవైరెండు మంది చీటీ వేసుకున్నారు.
ఆదివారానికొక హెల్మెట్, పరీక్ష ముద్ర ఉన్నది,
గడ్డం కింద టక్కుమని పడేది.
మొదటిది ముసలి ఓబుయాకి వచ్చింది.
ఆ రాత్రి దాన్ని కోడిపెట్టలా
గంప కింద మూసి పడుకున్నాడు.

వెనక కూర్చునేవాళ్లు మూతి తిప్పుతారు:
"ఎవరి చెమటో, ఎవరి పేనో,
నిన్ననే అల్లించుకున్న జడలు!"
వాళ్లకోసం దుప్పటి అంచులతో టోపీలు కుడుతున్నాను,
హెల్మెట్ కింద తొడుక్కోడానికి.
పది షిల్లింగులు, ఉతికితే మళ్లీ కొత్తవే.
ఏడు అమ్ముడయ్యాయి. ఒకామె
బేరమాడి, విసురుగా వెళ్లి, తిరిగొచ్చింది.

ఒడేరాది పందొమ్మిదో చీటీ.
ఇంకా పదహారు ఆదివారాలు.
రెండు చెక్కల్నీ సైకిల్ ట్యూబుతో బిగించుకున్నాడు.
కుట్టిపెట్టమన్నాడు, ఎగతాళికే.
నిజంగానే ప్రయత్నించాను. సూది విరిగింది.

పొద్దుట వాన. సరస్సు దాకా మంచి బేరం.
బండి ముందు నిలబడి చెప్పాను:
మెల్లగా పో ఒడేరా,
పదహారు ఆదివారాలు మెల్లగా పో.