నాలుగంగుళాలు

రావులపాలెం పార్సిల్ ఆఫీసులో
అట్టపెట్టె అందుకుంటే భుజం కుంగింది.
ఎత్తు పెంచే సామాను
ఇంత కిందికి లాగుతుందనుకోలేదు.

పాత మేజర్ జీపు నాది.
వెనక తొట్టంతా అరటిపాల మరకలు,
ఎంత కడిగినా పోవు, నా చీరల మీద మరకల్లాగే.
పోయినేడు వరద తీసిందని అందరూ అన్నాక
కాజ్‌వే మధ్యలో ఆగిపోయింది, డెబ్భై గెలలతో.
గెలలు పడవకెక్కించి, దాన్ని ట్రాక్టరుతో లాగించి
ఇంటికొచ్చాక టేపు పెట్టి చూశాను:
మట్టిగీత ఎక్కడుంది, ఫ్యాను ఎక్కడుంది.
తేడా మూడంగుళాల ఒక పిసరు.
ఆ పిసరు కోసం నాలుగు.

ఏసుపాదం పడవ ఇంజన్ల మేస్త్రి.
కోటిపల్లి రేవులో ఆయన చెయ్యి పడని ఇంజను లేదు.
"పడవకి కమాన్ కట్టలుండవు కదమ్మా, నాకేం తెలుసు" అంటూనే
పొద్దున్నే పానాల సంచితో దిగాడు.

కొబ్బరి దుంగలు నాలుగు, జాకీ ఒకటి.
ఒండ్రు నేల కదా,
జీపు లేవలేదు, జాకీ దిగింది.
మా లంకలో దేన్ని ఎత్తాలన్నా
ముందు నేలని ఒప్పించాలి.
కింద ఒక పాత తలుపుచెక్క వేశాం.
మా అత్తగారి గది తలుపది,
ఆవిడ కునుకు తీసినప్పుడు తెచ్చాను.

యు బోల్టులకి ఇరవయ్యేళ్ల తుప్పు.
పప్పు నానబోసినట్టు
రాత్రే కిరసనాయిలు పోసి ఉంచాను.
మూడు కదిలాయి. నాలుగోది మొండిది.
పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరం వేలాడితే
ఠప్పుమంది.
పక్కింటి గేదె తాడు తెంచుకుంది.

కొత్త కట్టలు నల్లగా, విల్లులా,
ఇంకా ఏ బరువూ ఎరగని వంపు.
పాతవి బల్లపరుపు.
పారెయ్యబుద్ధికాక గోడకి చేరేశాను,
కూలికెళ్లొచ్చి నడుం వాల్చినట్టున్నాయి.

సాయంత్రానికి షాకబ్జార్బర్లూ బిగించాం.
టీ సగంలో ఉండగా ఏసుపాదం కిందికి దూరాడు,
చాలాసేపు రాలేదు.
"ఆయ్, ఒకసారిటు చూడండి."
బ్రేకు గొట్టం.
జీపంతా లేచింది గానీ అది లేవలేదు,
పాత కొలతకే కట్టుబడి
చేప పడ్డ గాలం తాడులా బిగుసుకుంది.
పెట్టెలో అన్నీ పెట్టినవాడు
ఆ జానెడు రబ్బరు పెట్టలేదు.
వాణ్ణి ఏమనను?
నేను ఎత్తు అడిగాను గానీ
ఆగడం గురించి అడగలేదు.

అమలాపురంలో రెండు షాపులు లేదన్నాయి.
మూడోవాడు బుధవారమన్నాడు.
ఆ రాత్రి వార్తల్లో
భద్రాచలం దగ్గర నలభై మూడడుగులు, మొదటి హెచ్చరిక.
అక్కడ లెక్క అడుగుల్లో.
ఇక్కడ దుంగల మీద, చక్రాల్లేకుండా నా జీపు,
లెక్క అంగుళాల్లో.
పైనీళ్లు మా దాకా రావడానికి రెండ్రోజులు.
గొట్టం రావడానికీ రెండ్రోజులే.
రెండూ ఒకే దారిన వస్తాయేమోనని
నిద్ర పట్టలేదు.

గొట్టమే ముందొచ్చింది.
ఏసుపాదం మనవడు పెడలు తొక్కుతుంటే
సీసాలోకి బుడగలు, బుడగలు,
చివరికి ఒట్టి నూనె.
జాకీ దించాక అత్తగారొచ్చారు.
తలుపుచెక్కని గుర్తుపట్టారు, నా మొహం చూశారు.
ఏమీ అనలేదు.
దాన్ని చెప్పుతో ఇటు జరిపి, మెట్టులా తొక్కి
ముందు సీట్లో కూర్చున్నారు.
"ఎక్కడం సరే, దిగేదెలాగే?"

తెల్లారి కాజ్‌వే అంచుదాకా వెళ్లి తొక్కాను.
ఆగింది.
ఎర్రనీళ్లు ఇంకా గూటాల కిందే ఉన్నాయి.
వెనక్కి తిప్పి తోటలోకి పోనిచ్చాను.

మొదటి గెల భుజానికెత్తి
దొరబాబు తొట్టి దగ్గర ఆగాడు,
అంచుని అరచేత్తో కొలిచాడు.
"మీకు ఎత్తు పెరిగిందండీ, మాకు మోత పెరిగింది.
గెలకి రూపాయి ఎక్కువివ్వాలి."

టేపు నా సంచిలోనే ఉంది.
తియ్యలేదు.
ఇస్తానన్నాను.