బొటనవేలి పరీక్ష

ముందు చేతులు కడుక్కో, సెర్వా.
పొద్దున రాసుకున్న షియా వెన్న
నీ మణికట్టు మీద ఇంకా మెరుస్తోంది.
నూనెకీ ఆక్సిజన్‌కీ ఉప్పూ నిప్పూ వరస.
నా కొట్లో ఏ బేరమైనా
సబ్బుతోనే మొదలు.

కుమాసిలో ఈ వీధి పొడవునా
లారీలు పొట్టలు విప్పుకుని పడుకుంటాయి.
హర్మటాన్ గాలి ఎడారిని పిండిగా విసిరి తెచ్చి
నా టార్చీలన్నిటికీ ఒకే రంగు పూస్తుంది,
హాంబర్గు నుంచి ఓడెక్కి వచ్చిన పాతదానికీ
నిన్న అట్టపెట్టె విప్పిన కొత్తదానికీ.
తుడిస్తే గానీ ఏది ఏదో తెలీదు.
నన్నడిగితే, తుడిచినా తెలీదు.

నువ్వా మెరిసేదాని వైపే చూస్తున్నావు.
చూడు, చూపుకి డబ్బులు తీసుకోను.
ఒక్కటి చెప్పు:
మీ షెడ్డులో గ్యాసు ఎక్కణ్ణుంచి?
సిలిండరా, కార్బైడు పీపానా?

పీపానే కదూ.
నీ చొక్కాలో ఆ వెల్లుల్లి వాసన
నీకన్నా ముందే గడప దాటింది.

రాళ్ల మీద నీళ్లు పడి
గురగురమంటూ పుట్టే గ్యాసు
మహా సిగ్గరి.
గుమ్మం దాకా వచ్చి
చెప్పులు చూసుకుంటూ నిలబడిపోతుంది.
ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి లాగాలి.
ఆ మెరిసేది లాగదు.
తోసుకొచ్చేవాళ్లకి తలుపు తీస్తుంది, అంతే.

ఇదిగో, ఇది పట్టుకో.
ఇత్తడి నల్లబడింది నిజమే,
పిడి మీద ఎవరిదో పంటిగాటు లాంటి గీత.
బరువుందా? ఉండనీ.
గంటసేపు పట్టుకున్నాక
బరువు మణికట్టుది కాదు, భుజానిది.
ఆక్సిజన్ గొట్టం బిగించాను.
రెండు మరలూ విప్పు.
గ్యాసు గొట్టం తగిలించకు,
ఆ బొడిపె మీద
నీ బొటనవేలు పెట్టు.

లాగిందా?

ఈనిన పూటే మేకపిల్ల
వేలు దొరికితే చప్పరించినట్టు!
ఆక్సిజన్ ఇటు నుంచి ఉరుకుతూ
అటు నుంచి సిగ్గరిని పిలుస్తోంది.
దీని గుణం తెలియాలంటే కళ్లు చాలవమ్మాయ్,
వేలు కావాలి.

ఇదంతా నాకు తెలిసి పుట్టలేదు.
బాఫో అని ఒక కుర్రాడు,
నీలాగే కొత్తగా గురువు దగ్గర సెలవు తీసుకుని
జేబు నిండా సెడీలతో వచ్చాడు.
మెరిసేదే అడిగాడు.
ఏ గ్యాసని నేను అడగలేదు.
వర్షం వచ్చేలా ఉంది, కొట్టు కట్టేసే తొందర.
ఆక్సిజన్ దారి తప్పి గ్యాసు గొట్టంలోకి దూరింది,
దాని వెనకే మంట
ఇంటికి వెళ్తున్నట్టు వెనక్కి నడిచింది.

బతికాడు.
ఇప్పుడు పెద్ద బజారులో టమాటాలు అమ్ముతాడు,
ఎడమ చేత్తో చిల్లర ఇస్తాడు.
మాలో ఎడమ చేత్తో ఇస్తే అమర్యాద.
నేను రెండు చేతులూ పట్టి పుచ్చుకుంటాను.
మాకెప్పుడూ టమాటాలు ఎక్కువే, ఇంట్లో.

సరే, కోతకా?
ఈ తల విప్పి ఆ తల బిగించు, అదే పిడి.
మంటతో ఇనుము కరుగుతుందని జనం అనుకుంటారు.
మంట చేసేది ఎర్రబరచడమే.
మీట నొక్కి ఊపిరి వదిలితే
ఆ పైన ఇనుమే కాలిపోతుంది, తనంతట తను,
నిప్పురవ్వలు కిందికి రాలిస్తూ.
నీ చెయ్యి తొందరపడితే తెగదు,
ఆగితే గుంట.
ఆ నడక నేను అమ్మలేను.

ధర తగ్గించను.
మంట వెనక్కి రాకుండా ఆపే బుడిపెలు రెండు
ఊరికే ఇస్తాను,
వద్దన్నా సంచిలో వేస్తాను.
అవి బిగించకుండా వెలిగించావని తెలిస్తే
మీ షెడ్డుకొచ్చి మరీ తిడతాను, నా నోరు తెలుసుగా.

ఏయ్, మళ్లీ పెట్టావా వేలు?
చాలు, చాలు,
ఆక్సిజన్ ఏమన్నా
ఊరికే వస్తోందా?